జిల్లేడుగెడ్డ నల్లపట్టీ

నవీకరణ పక్షోత్సవాల సందర్భంగా, జిల్లా నుంచి వచ్చిన సర్క్యులరు ప్రకారం ప్రతి కార్యాలయమూ చేయవలసిన పనులు:

ఒకటి, కార్యాలయ ప్రాంగణమును ఊడ్పించి ముగ్గులు వేయించవలెను. రెండు, ప్రతి కంప్యూటరుకు బొట్టు పెట్టి బంతిపూల దండ వేయవలెను. మూడు, సిబ్బంది యావన్మందీ కుడిచేయి చాచి 'నిత్య నవీకరణ ప్రతిజ్ఞ' చేయవలెను. నాలుగు, ప్రతిజ్ఞ చేయుచుండగా ఫొటో తీయవలెను. ఐదు, కంప్యూటర్లలోని సాఫ్ట్‌వేరును, అందుబాటులో ఉన్నవాటిలో అతి పెద్ద నంబరు గలదానికి మార్చవలెను. ఆరు, మార్చినట్లు ఫొటో తీయవలెను. ఏడు, సదరు ఫొటోలను సాయంత్రం ఐదు గంటలలోగా జిల్లాకు పంపవలెను. ఎనిమిది, ఒకసారి ముందుకు వెళ్ళినవారు ఏ కారణముచేతనైననూ వెనుకకు రాకూడదు.

ఎనిమిదో అంశం కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

జిల్లేడుగెడ్డ తహసీల్దారు కార్యాలయంలో ముగ్గులకీ దండలకీ ప్రతిజ్ఞకీ ఫొటోలకీ పద్నాలుగు మంది పోటీపడ్డారు. ఎనిమిదో పనికి ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు గనక దాన్ని అందరూ చేశారు. ఐదో పని మాత్రం ఒక్కడి నెత్తిన పడింది. అతనే తవిటినాయుడు, కాంట్రాక్టు మీద పనిచేసే కంప్యూటరు ఆపరేటరు.

వాళ్ళింట్లో డిగ్రీ దాకా చదివినవాడు అతనొక్కడే. ఇంజినీరింగులో సీటొచ్చేదే గానీ, నివాస ధ్రువపత్రం ఒక్కరోజు ఆలస్యంగా చేతికందడంతో ఆ సీటు కాస్తా గాలికి పోయింది. చివరికి లెక్కల బి.ఎస్సీ.తో సరిపెట్టుకున్నాడు. అందుకే చదువుకునే పిల్లలెవరైనా సర్టిఫికెట్టు కోసం తన బల్ల ముందుకొస్తే, అన్నం క్యారేజీ చల్లారిపోతున్నా లేచేవాడు కాదు. ఆ పిల్లలకి ఆ సంగతి తెలియదు. అతను చెప్పుకునేవాడూ కాదు.

సర్క్యులరు వచ్చిన రోజు తవిటినాయుడు దాన్ని మూడుసార్లు చదివాడు. తర్వాత కంప్యూటరు చెప్పేది చదివాడు. అందులో రెండు రకాలున్నాయి. పన్నెండో నంబరు: నికరమైనది, అందరూ వాడుకోవచ్చు. పద్నాలుగో నంబరు: ఇంకా పరీక్షలో ఉన్నది, ఎక్కడ ఏం పాడవుతుందో చెప్పలేం, వాడదలచినవారు తమ పూచీ మీద వాడుకోవాలి. తయారుచేసినవాళ్ళే అంత నిజాయితీగా రాసుకున్నారు కదా అని, ఆ కాగితం ప్రింటు తీసుకుని తహసీల్దారు సదాశివమూర్తి గారి గదికి వెళ్ళాడు.

"సార్, పద్నాలుగు ఇంకా పరీక్షలో ఉందట. పన్నెండే నికరమైనదట. వాళ్ళే రాశారు."

సదాశివమూర్తి గారు కాగితం చూడలేదు. ఆయన కాగితాల మీద సంతకాలు పెడతారు గానీ వాటిని చూడరు. "పన్నెండు పెద్దదా, పద్నాలుగు పెద్దదా?"

"పద్నాలుగే సార్. కానీ..."

"నువ్వు డిగ్రీ చదివావు కదూ?"

"చదివాను సార్."

"ఏం సబ్జెక్టు?"

"లెక్కలు సార్."

"మరింకేం," అని తహసీల్దారు గారు ప్రతిజ్ఞ చేయడానికి లేచారు.

ఇంతకీ పెద్ద నంబరు మీద ఆయనకంత మోజెందుకంటే, జిల్లా కార్యాలయంలో గోడంత పటం ఒకటి పెట్టారు. పన్నెండో నంబరులో ఉన్న మండలం ఎర్రగా, పద్నాలుగుకి మారుతున్నది పసుపుగా, పద్నాలుగులో ఉన్నది పచ్చగా వెలుగుతుంది. ఆ మండలంలో రోడ్డుందా, నీళ్ళున్నాయా, వంతెన మొన్న వానకి నిలబడిందా అన్నవి ఆ పటంలో లేవు. నంబరొక్కటే ఉంది. ఆ సాయంత్రానికి జిల్లా మొత్తం మీద ముందుగా పచ్చబడ్డది జిల్లేడుగెడ్డ.

పద్నాలుగు మంది కుడిచేతులు చాచి నిలబడ్డారు. ఫొటో తీశారు. తవిటినాయుడు ఆ ఫొటోలో కూడా పనిచేస్తూనే ఉన్నాడు, వాళ్ళ మధ్యలో కంప్యూటరు మీదికి వంగి.

మర్నాడు కంప్యూటర్లు తెరిచేసరికి ప్రతి తెరకీ నడిమధ్యన అడ్డంగా, అరచేయంత వెడల్పున, కాటుక పూసినట్టు ఒక నల్లపట్టీ కనిపించింది. అది చాలదన్నట్టు, ముందు తెరిచిన బొమ్మ మూసినా పోవడం లేదు. సరిగ్గా తుడవని పలక మీద నిన్నటి ఎక్కాలు కనబడ్డట్టు, కొత్త మనిషి ఫొటో మీద పాత మనిషి ముఖం అలాగే ఉండిపోతోంది.

తవిటినాయుడు మళ్ళీ గదికి వెళ్ళాడు.

"సార్, తెర బొమ్మ చూపించడంలో తేడా వచ్చింది. లోపల రికార్డంతా బాగానే ఉంది. పది నిమిషాలు సార్. పన్నెండుకి తెచ్చేస్తే పట్టీ పోతుంది."

"తెచ్చేస్తే అంటే ఎటు తేవడం?"

"వెనక్కి సార్."

సదాశివమూర్తి గారు లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నారు. "నాయుడూ, ఈ మాట నాతో అన్నావు గనక సరిపోయింది. పొద్దున్నే జిల్లా నుంచి ఫోనొచ్చింది, మనమే మొదటివాళ్ళమని. అభివృద్ధి అన్నాక కాస్త నలుపు ఉంటుంది. తారురోడ్డు నల్లగా ఉండదూ?"

ఆ ఉదయమే వచ్చింది హైమావతి. పక్కన వాళ్ళమ్మ అచ్చియ్యమ్మ. ఊరు మెట్టవలస. అచ్చియ్యమ్మ జీడిపిక్కలు కొట్టే కార్ఖానాలో పనిచేస్తుంది. పిక్కల జీడి తగిలి తగిలి ఆమె వేళ్ళు బొగ్గుముక్కల్లా ఉంటాయి. పిల్లకి నర్సింగులో సీటొచ్చేలా ఉంది. వచ్చే వారం శుక్రవారం పన్నెండు గంటల్లోగా జిల్లా కేంద్రంలో నివాస ధ్రువపత్రం చూపించాలి. చూపించకపోతే సీటు వరసలో వెనకున్న పిల్లకి పోతుంది.

"ఇంకా పది రోజులుంది కదమ్మా. పది నిమిషాల్లో ఇస్తాను," అన్నాడు తవిటినాయుడు. ఇచ్చాడు కూడా. ప్రింటు చక్కగా, మల్లెపువ్వులా వచ్చింది. పేరు, తండ్రి పేరు, ఊరు, ఫొటో, అన్నీ ఉన్నాయి.

ఆ కాగితాన్ని డిప్యూటీ తహసీల్దారు వరహాలు గారు చేతిలోకి తీసుకుని తెర వంక చూశారు. తెర మీద ఊరి పేరుండే చోట నల్లపట్టీ ఉంది. కాగితం మీద అదే చోట 'మెట్టవలస' అని ఉంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన పట్టుకున్న దొంగ కాగితాలు తక్కువేం కాదు.

"తెర మీద లేని ఊరు కాగితం మీదికి ఎక్కడినుంచి వచ్చిందయ్యా?"

"లోపల ఉంది సార్. తెర చూపించట్లేదంతే."

"అధికారికి కనబడనిది అధికారికంగా ఉన్నట్టా?" అని వరహాలు గారు ఆ కాగితాన్ని నాలుగు ముక్కలుగా చింపి, ఆ ముక్కలకి వరస నంబర్లు వేసి ఫైల్లో పెట్టారు.

సాయంత్రానికి కార్యాలయం తన మొదటి ఉత్తర్వు తానే రాసుకుంది. ఇకమీదట ప్రింటులు చెల్లవు. తెరమీద ఏది ఎట్లు కనబడునో అట్లే సెల్‌ఫోనుతో ఫొటో తీసి, ఆ ఫొటోనే ధ్రువపత్రముగా జారీ చేయవలెను. తద్వారా తెరకును కాగితమునకును మధ్య ఎట్టి వ్యత్యాసమూ ఉండజాలదు.

"మరి ఊరి పేరు పట్టీ కింద ఉండిపోతుంది కద సార్," అన్నాడు తవిటినాయుడు. "ఊరి పేరు లేని నివాస ధ్రువపత్రం ఎందుకు పనికొస్తుంది?"

వరహాలు గారు ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు నవ్వారు. "పంచనామా దేనికుందయ్యా?"

పొలంలో చెట్టు కొట్టినా, చెరువులో శవం తేలినా ఐదుగురు సాక్షుల్ని పిలిచి చూసింది చూసినట్టు రాయించి సంతకాలు పెట్టించే పద్ధతి ఉండనే ఉంది. తెరకి మాత్రం అదెందుకు వర్తించదు? గేటు బయట టీకొట్టు దాలినాయుడినీ, అతని బల్ల మీద టీ తాగుతున్న నలుగురినీ లోపలికి పిలిచారు. తువ్వాళ్ళు భుజం మీంచి తీసి నడుముకి కట్టుకుని, ఐదుగురూ కంప్యూటరు చుట్టూ భయభక్తులతో నిలబడ్డారు.

"ఆ నలుపు కింద ఏముందో చెప్పండి," అన్నారు వరహాలు గారు.

"ఏటి సెప్పమంటారు బావూ? నలుపే కదా ఉంది," అన్నాడు దాలినాయుడు.

"నలుపు అవతల?"

దాలినాయుడు వెనక్కి తిరిగి హైమావతిని చూశాడు. "ఒలే, నువ్వు మెట్టవలస అచ్చియ్యమ్మ కూతురివి కాదేటి? మీ అమ్మ నాకు వరసకి మేనత్త కూతురవుద్ది."

"అద్గదీ," అన్నారు వరహాలు గారు, రాసుకుంటూ.

పంచనామా ఇలా తయారైంది: 'దిగువ సంతకములు చేసిన సాక్షులమైన మేము, సదరు తెరను ఎదురుగాను, ఎడమ పక్కనుండియు, కుడి పక్కనుండియు పరిశీలించి, నల్లపట్టీని ప్రత్యక్షముగా చూచితిమి. పట్టీ కొలత అరచేతి వెడల్పు. పట్టీ దిగువన మెట్టవలస గ్రామము గలదని మా మనస్సాక్షిగా నమ్ముచున్నాము.'

తవిటినాయుడికి ఒక సందేహం వచ్చింది. "సార్, ఊరి పేరు దాలినాయుడు చెబితే రాసుకోవడమే అయితే, ఇక కంప్యూటరెందుకు?"

"ఫొటో తీయడానికి," అన్నారు వరహాలు గారు.

అంతటితో అయిపోయుంటే హైమావతి ఆ పూటే ఇంటికి వెళ్ళిపోయేది. కానీ సాక్షులు నిజాయితీపరులు. చూసింది చూసినట్టు చెప్పమన్నారు గనక ఇంకొకటి కూడా చెప్పారు. హైమావతి కంటే ముందు ఆ బల్ల దగ్గరికి వచ్చినవాడు గేదెల సూరప్పడు. డెబ్భై ఏళ్ళవాడు. పొలం పాసుబుక్కులో తప్పు దిద్దించుకోవడానికి వచ్చాడు. అతని ముఖం తెర మీంచి దిగలేదు. అందుచేత పంచనామాలో ఈ వాక్యం కూడా చేరింది: 'అభ్యర్థిని రెండు జడలు, గుబురు మీసములు కలిగి చామనఛాయగా నున్నది.'

"ఓలమ్మో, నా గుంటకి మీసాలేటి బావూ!" అంది అచ్చియ్యమ్మ.

"మేం పెట్టలేదమ్మా, ఉన్నాయి," అన్నారు వరహాలు గారు, తెర చూపించి.

మర్నాడు రెండో ఉత్తర్వు వెలువడింది. తెరమీద కనబడుచున్న వారందరూ స్వయముగా హాజరై తమ ముఖములను గుర్తించవలెను. అనగా ప్రతి దరఖాస్తుదారూ తనకు పూర్వము వచ్చిన దరఖాస్తుదారును వెంట తీసుకొని రావలెను.

సూరప్పడిది గెడ్డ అవతల ఊరు. తల్లీ కూతుళ్ళు మోకాలిలోతు నీళ్ళు దాటి వెళ్ళి బతిమాలి తీసుకొచ్చారు. అతను వచ్చి తెర చూసి, హైమావతి జడల మధ్యనున్న తన మీసాల్ని చాలాసేపు మెచ్చుకోలుగా చూసుకున్నాడు.

"నానే. నా మొకమే. బాగా పడింది. ఈ గుంటకి నా మొకం ఇచ్చీడానికి నాకేటీ అభ్యంతరం నేదు, రాసుకోండి."

"అలా కాదు తాతా," అన్నాడు తవిటినాయుడు. "నీ ముఖం వెనకాల ఇంకో ముఖం ఉంది. నీ ముందు వచ్చినవాళ్ళెవరు?"

"సిన్నప్పుడు మా ఈదిలో నూతిలో తొంగి సూత్తే ఇలాగే అగుపడేవి బావూ," అన్నాడు సూరప్పడు. "ఒకడి ఎనకాల ఒకడు. అడుగున ఎవడున్నాడో మాత్రం తెలిసీది కాదు."

సూరప్పడి వెనక కరణాల వారి కోడలు. ఆవిడ వెనక రేషన్ కార్డు కోసం వచ్చిన దర్జీ. దర్జీ వెనక ఇంకొకరు. బుధవారం నుంచి శనివారం దాకా జిల్లేడుగెడ్డలో జనం ఒకరి కోసం ఒకరు ఊళ్ళ మీద పడి తిరిగారు. ఎప్పుడూ పలకరించుకోనివాళ్ళు పలకరించుకున్నారు. రెండు పెళ్ళి సంబంధాలు కుదిరాయి. ఒక పాత పొలం తగాదా మళ్ళీ రాజుకుంది. కార్యాలయం ముందు వరస పొట్టిదయ్యే అవకాశమే లేదు, ఎందుకంటే పని అయిపోయినవాడు కూడా తన తర్వాతవాడి కోసం ఉండిపోవాలి.

సోమవారం నాటికి తవ్వి తవ్వి అట్టడుగు ముఖాన్ని పట్టుకున్నారు. నవీకరణ జరిగాక తెరమీద మొట్టమొదట తెరిచిన బొమ్మ అది. కుడిచేయి చాచి ప్రతిజ్ఞ చేస్తున్న సదాశివమూర్తి గారు.

మండలంలో ఎవరి ధ్రువపత్రం తీసినా అడుగున, లీలగా, తహసీల్దారు గారు చెయ్యి చాచి ఉన్నారు. తవిటినాయుడు ఇప్పుడైనా 'పది నిమిషాలు సార్' అనడానికి నోరు తెరిచాడు. కానీ సదాశివమూర్తి గారి కళ్ళు చెమర్చాయి.

"ప్రతి పౌరుడి వెనుకా ప్రభుత్వం నిలబడి ఉంది," అన్నారాయన. "ఇది మనం చెయ్యలేదు. దానంతటది జరిగింది."

ఆ మాట జిల్లాకి వెళ్ళింది. హైమావతి పత్రం ఇంకా జారీ కాకముందే, మంగళవారం జిల్లా నవీకరణ పర్యవేక్షణాధికారి గారే స్వయంగా కారులో వచ్చారు. నల్లపట్టీ జిల్లా అంతటా ఉంది, ఎందుకంటే అందరూ పచ్చబడ్డారు. మిగతా మండలాలవాళ్ళు సాఫ్ట్‌వేరు పాడైందని ఉత్తరాలు రాసి తిట్లు తిన్నారు. జిల్లేడుగెడ్డ ఒక్కటే ఫిర్యాదు చేయలేదు. పైగా పట్టీని పద్ధతిలో పెట్టింది. అధికారి గారు సాక్షులు ఐదుగురినీ వరసగా నిలబెట్టి పరిశీలించారు.

"మీలో కంటిచూపు మందగించినవారెవరైనా ఉన్నారా?"

"నాకు కుడికన్ను సుక్కేసింది బావూ," అన్నాడు దాలినాయుడు. "గానీ పట్టీ సూడ్డానికి ఎడంకన్ను సాలు. అది ఏటీ అగుపడకపోతేనే బాగా అగుపడ్డట్టు."

అధికారి గారు ఆ మాట డైరీలో రాసుకున్నారు. సాయంత్రం సభలో మాట్లాడుతూ, 'జిల్లేడుగెడ్డ విధానము' జిల్లా అంతటా తక్షణమే అమలు కావలెనన్నారు. పట్టీ లేని ధ్రువపత్రమును ఏ కార్యాలయమూ స్వీకరించరాదన్నారు. పట్టీ ఉండడం అసలుకు గుర్తు, పట్టీ లేకపోవడం నకిలీకి గుర్తు అన్నారు. సాక్షుల నైపుణ్యాభివృద్ధికై బుధ, గురు, శుక్రవారాల్లో శిక్షణా శిబిరం ప్రకటించారు. ఆ మూడు రోజులూ సాక్షులు అందుబాటులో ఉండరు గనక ధ్రువపత్రాలు జారీ కావు.

వెనక బెంచీ మీద కూర్చున్న హైమావతి వేళ్ళు లెక్కపెట్టుకుంది. తవిటినాయుడు అది చూశాడు. అతనికి ఆ లెక్క తెలుసు. బి.ఎస్సీ.లో నేర్చుకున్నది కాదు, అంతకుముందే, ఒకరోజు ఆలస్యంగా వచ్చిన కాగితం పట్టుకుని ఒక కాలేజీ గేటు ముందు నిలబడి నేర్చుకున్నది.

గురువారం మధ్యాహ్నం కార్యాలయమంతా శిక్షణ కోసం కల్యాణమండపానికి వెళ్ళింది. వెళ్ళే ముందు సదాశివమూర్తి గారు శిక్షణ హాజరు పత్రాలు సంతకాలకు సిద్ధం చేయమని చెప్పారు. తవిటినాయుడు ఒక్కడే మిగిలాడు. అన్నం క్యారేజీ తెరిచి మళ్ళీ మూసేశాడు. ఎదురు గోడ మీద సర్క్యులరు అంటించి ఉంది. ఎనిమిదో అంశం కింద రెండు గీతలు. ఉద్యోగంలో చేరిన నాటినుంచి అతను ఏ ఉత్తర్వునీ దాటలేదు. వాళ్ళ నాన్న అతన్ని ఇక్కడ దింపిన రోజున ఒకే ఒక్క మాట చెప్పాడు: "సెప్పిన పని సెయ్యి. సెప్పనిది సెయ్యకు."

తవిటినాయుడు కిటికీ దగ్గరున్న ఒక్క కంప్యూటరుని వెనక్కి, పన్నెండుకి తెచ్చాడు. పది నిమిషాలు అన్నాడు గానీ ఎనిమిదే పట్టింది. పట్టీ పోయింది. మీసాలు పోయాయి. హైమావతి తెర మీద హైమావతిలా ఉంది.

కాగితం ప్రింటు తీసి మండపానికి వెళ్ళి హాజరు పత్రాల పైన పెట్టాడు. దాచలేదు. "నివాస ధ్రువపత్రం సార్," అని పైకి అన్నాడు. సదాశివమూర్తి గారు వేదిక మీద ఉపన్యాసం వింటూ, అలవాటు ప్రకారం చూడకుండా సంతకం పెట్టారు. తవిటినాయుడు ముద్ర వేసి, ఆ సాయంత్రమే దాన్ని హైమావతి చేతికిచ్చాడు.

శుక్రవారం పదకొండున్నరకి అతని ఫోను మోగింది. హైమావతి.

"అన్నయ్యా, తీసుకోనంటన్నారు అన్నయ్యా. దొంగ కాయితమంట."

"ఫోను ఆయనకివ్వమ్మా."

అక్కడ పత్రాలు చూసే అధికారి ఫోను తీసుకోలేదు. కానీ ఫోను హైమావతి చేతిలో అలాగే ఉండిపోయింది. జిల్లా కేంద్రంలో జరుగుతున్నదంతా తవిటినాయుడు కిటికీ పక్కన కూర్చుని విన్నాడు.

"జిల్లేడుగెడ్డ నుంచే కదమ్మా? జిల్లేడుగెడ్డ పత్రం అంటున్నావు, పట్టీ ఏది? ఊరి పేరు కనబడుతోందే! పొద్దుట్నుంచి నూట నలభై నివాస ధ్రువపత్రాలు చూశాను. ఊరి పేరు కనబడేది ఒక్కటీ రాలేదు. నా కళ్ళు కప్పుదామనే?"

"అది శుభ్రంగా వచ్చిందండీ..."

"అదే నా అనుమానం. పన్నెండుకి గేటు వేసేస్తాం. ఈలోగా పట్టీ ఉన్న పత్రం తెస్తే తే, లేకపోతే పక్కకి జరుగు. నెక్స్ట్!"

అటు తర్వాత కాసేపు జనం గోల. హైమావతి ఏడుపు. తవిటినాయుడు 'అమ్మా, అమ్మా' అని రెండుసార్లు అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. అరవై కిలోమీటర్ల ఇవతల కూర్చుని అతను చేయగలిగినది ఏమీ లేదు. నిజం పంపించాడు. అది అక్కడ నకిలీ అయి కూర్చుంది.

అప్పుడు అచ్చియ్యమ్మ గొంతు వినిపించింది. ఆ గొంతులో ఏడుపు లేదు.

"ఒలే, ఏడుపాపు. ఏటంటన్నాడు ఆ బావు?"

"పట్టీ కావాలంటన్నారమ్మా."

"ఎంతుండాలంట?"

"అరచెయ్యంత."

"అంతే గదా. ఇలా తే ఆ కాయితం. ఓ తమ్మీ, టీకొట్టు తమ్మీ! ఓపాలి ఆ గిన్ని దించు. టీ కాదురా నాయనా, గిన్ని అడుగు కావాలి."

గిన్నె దించిన చప్పుడు. పుల్లల పొయ్యి మీద మసి పట్టిన గిన్నె అయి ఉండాలి. గరగరమని అరచెయ్యి రుద్దిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. కాగితం మీద చెయ్యి అడ్డంగా ఒక్కసారి వెళితే చప్పుడేముంటుంది?

"అయ్యా, బావులూ! మీలో ఎవరైనా సంతకాలొచ్చినోల్లు ఓ అయిదుగురు ఎనకాల సేవ్రాలెట్టండి, ఈ పట్టీ సూసినాం అని. మీ కల్లెదటే ఏసినాను కదా. అబద్దమేటీ నేదు."

వరసలో నిలబడ్డ తండ్రులు ఐదుగురు సంతకాలు పెట్టారు. ఒకాయన 'చాలా బాగా వచ్చిందమ్మా' అన్నాడు కూడా.

మళ్ళీ ఆ అధికారి గొంతు. "ఆఁ, ఇదీ పత్రమంటే! ఇందాక ఆ తెల్లటిది ఎవరిచ్చారో గానీ... ఏమిటమ్మా, నలుపు చేతికి అంటుకుంటోంది?"

"కొత్తది బావూ. ఇంకా ఆరనేదు."

ఠప్పున ముద్ర పడిన శబ్దం ఫోనులోంచి స్పష్టంగా వినిపించింది. అప్పుడు సమయం పన్నెండుకి నాలుగు నిమిషాలు తక్కువ. తవిటినాయుడు ఫోను పెట్టేసి, క్యారేజీ తెరిచి అన్నం తిన్నాడు.

సోమవారం జిల్లా కార్యాలయం గోడ మీది పటంలో జిల్లేడుగెడ్డ పచ్చదనంలో ఒక ఎర్ర చుక్క కనిపించింది. కిటికీ దగ్గరి కంప్యూటరు. మధ్యాహ్నానికి తవిటినాయుడికి మెమో వచ్చింది: 'మీరు సదరు కంప్యూటరును పద్నాలుగు నుండి పన్నెండునకు, అనగా రెండు అంకెల మేర వెనుకకు నెట్టి, తద్వారా మండల ప్రగతికి భంగము కలిగించినట్లు దృష్టికి వచ్చినది. ఇందుకు మీపై చర్య ఎందుకు తీసుకొనరాదో ఇరవై నాలుగు గంటలలో తెలుపగలరు.'

అతను దాచుకోవడం తెలిసినవాడు కాదు. జరిగింది జరిగినట్టు రాశాడు. చివర్న ఇలా రాశాడు: 'ఈ పనికి ఎనిమిది నిమిషాలు పట్టింది. మిగతా కంప్యూటర్లు కూడా బాగుచేయమంటే మధ్యాహ్నం లోపల చేసి ఇస్తాను.'

సదాశివమూర్తి గారు జీవితంలో మొదటిసారిగా ఒక కాగితం పూర్తిగా చదివారు.

"సార్, ఆ పిల్లది మెట్టవలసే. అందులో ఉన్నదంతా నిజమే కదా," అన్నాడు తవిటినాయుడు.

"నిజమే. నిజమైనంత మాత్రాన సరైనదైపోతుందా? నువ్వు మంచివాడివి నాయుడూ. కానీ వెనక్కి చూసేవాడివి."

అతన్ని ఆ నెలాఖరుకి తీసేశారు. చేతిలో పెట్టిన అనుభవ ధ్రువపత్రం కూడా తెర ఫొటోయే. ఏ ఉద్యోగం చేశాడో రాసిన చోట పట్టీ పడింది.

ఇది జరిగిన ఏడెనిమిది నెలలకి పదిహేనో నంబరు వచ్చింది. అది పరీక్షలన్నీ అయ్యి, నికరమైనదిగా వచ్చింది. పద్నాలుగు కంటే పదిహేను పెద్దది గనక అన్ని మండలాలూ పోటీపడి మార్చాయి. పట్టీ పోయింది. ఒకడి మీద ఒకడి ముఖం ఉండడం కూడా పోయింది. తెరలు అద్దంలా తయారయ్యాయి.

అప్పుడు మొదలైంది అసలు చిక్కు. పట్టీ లేని పత్రాలను ఏ కార్యాలయమూ తీసుకోవడం లేదు, ఉత్తర్వు అలాగే ఉంది. శిక్షణ పొందిన సాక్షులు గేటు ముందు ధర్నాకు కూర్చున్నారు, దాలినాయుడి నాయకత్వంలో, 'మా పట్టీ మాకియ్యాలి' అని. వరహాలు గారు మూడు రోజులు ఆలోచించి, కరెంటు పనివాళ్ళు వాడే నల్లటేపు తెప్పించారు. ప్రతి తెరకీ నడిమధ్యన, అడ్డంగా, అరచేయంత వెడల్పున టేపు వేయించి, 'నల్లపట్టీ పునరుద్ధరణ'గా జిల్లాకు నివేదించారు. ఆ ఏడు ఆగస్టు పదిహేనున ఆయనకి ప్రశంసాపత్రం వచ్చింది.

తవిటినాయుడు ఇప్పుడు బస్టాండు పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు పెట్టుకున్నాడు. పాడైన తెరలు మారుస్తాడు. పది నిమిషాలంటే పది నిమిషాల్లో ఇస్తాడు. సెలవులకి వచ్చినప్పుడు హైమావతి ఆ కొట్టు దగ్గర ఆగి, చదువు ఎంతవరకు వచ్చిందో చెప్పి వెళుతుంది.

మీకెప్పుడైనా జిల్లేడుగెడ్డ కార్యాలయంలో పని పడితే, వరసలో నిలబడే ఉంటారు గనక చేతిలో బోలెడు సమయం ఉంటుంది. అప్పుడు తహసీల్దారు గారి కుర్చీ వెనక గోడ మీద ఫ్రేము కట్టి ఉన్న పక్షోత్సవాల ఫొటో ఒకసారి చూడండి. అది కూడా ఆనాటి తెర మీంచి తీసిందే. పైన పద్నాలుగు ముఖాలూ చాచిన చేతులూ ఉంటాయి, కింద పద్నాలుగు జతల చెప్పులు ఉంటాయి, నడుమ నల్లపట్టీ ఉంటుంది. ఆ రోజు అందరూ నిలబడి ఉంటే కంప్యూటరు మీదికి వంగి పనిచేస్తున్నవాడు ఒక్కడే. పట్టీ సరిగ్గా అతని మీద పడింది.

ఆ పట్టీ కింద ఉన్నది తవిటినాయుడు. ఐదుగురు సాక్షులు అక్కర్లేదు, మీరొక్కరు గుర్తుపెట్టుకోండి చాలు.